పసుపునకు గల పరీక్ష మనుష్యునకు వలదా?

పుష్యమాసము మొదలుకొని ఆర్మూరు ప్రాంతమున పసుపు పనులు ముమ్మరమగును. త్రవ్విన దుంపలను ఉడికించెదరు. కళ్లములలో పది పదునైదు దినములు ఎండబెట్టెదరు. పిమ్మట డ్రమ్ములలో వేసి త్రిప్పి పాలిషు పట్టెదరు. ఆ దినములలో ఊరి గాలియే పసుపు వన్నెగా నుండును. సరకు అంగడికి చేరినది మొదలు పరీక్ష ప్రారంభమగును. కొనువాడు సంచిలో చేయి పెట్టి, పైనున్న కొమ్ములను ప్రక్కకు నెట్టి, అడుగునుండి పిడికెడు తీయును. కొమ్మును విరిచి లోని వన్నె చూచును. విరిగిన తీరును బట్టి తేమను గ్రహించును. దూరదేశములకు పోవు సరకైనచో అంతటితో తృప్తి పడక, ప్రయోగశాలకు పంపి కర్కుమిన్ ఏపాటి యున్నదో, రంగు కొరకు సీసపు విషము కలిసినదేమో తేల్చుకొనును. తేమ యెక్కువయన్న ఒక్క మాటతో రైతు చేతికి రావలసిన రూకలు తరిగిపోవును.

కావున పరీక్ష విలువ యెట్టిదో ఆర్మూరు రైతునకు ఎవరును బోధింప నక్కరలేదు. 2019వ సంవత్సరపు లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేయగా, వారిలో 170 మందికి పైగా రైతులే. గిట్టుబాటు ధరయు, పసుపు బోర్డును వారి కోరికలు. ఆ బోర్డు నిజామాబాదు కేంద్రముగా 2025 జనవరి 14వ తేదీన ప్రారంభమైనది. సరకు విషయమున ఈ ప్రాంతపు ప్రజలు ఊహకు లొంగలేదు. లెక్క అడిగిరి, తూకము అడిగిరి, న్యాయమైన పరీక్ష అడిగిరి. అది మెచ్చదగినదే.

అయితే ఆ సంచిని వీపున మోయు మనుష్యుడు నెల దినములుగా దగ్గుచున్నాడు. అతనిని పరీక్షించువారెవరు? సంచిలోని కొమ్మును విరిచి చూచిన లోకము, అతని రొమ్ములో నేమున్నదో చూడ నవసరము లేదని యెట్లు తలంచినది? పసుపునకు ప్రయోగశాల, పసుపు మోయువానికి ఊహ! నేడు మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న ఇదియే.

దగ్గునకు తండ్రులనేకులు. పాలిషు డ్రమ్ముల దుమ్ము ఒకటి, పొయ్యి పొగ ఒకటి, బీడీలు చుట్టు ఇండ్లలోని పొగాకు పొడి ఒకటి. ఉబ్బసము కలదు. చలికాలపు పడిసెమును దెచ్చు వైరసులు కలవు. ఇన్‌ఫ్లూయంజా కలదు, కోవిడు కలదు. న్యుమోనియా కలదు. పిల్లలకు కోరింత దగ్గు, కంఠసర్పి కలవు. వీని యన్నిటి వెనుక, తొందరలేక, చప్పుడులేక కూర్చుండి యుండునది క్షయ. ఇన్ని వ్యాధులును వెలికి వచ్చు ద్వార మొక్కటియే. వినవచ్చు శబ్ద మొక్కటియే. అనుభవము గల వైద్యుడు రొమ్ముపై గొట్టము పెట్టి, జ్వరము చూచి, ప్రశ్నలడిగి కొంత వరకు వేరుచేయగలడు. కాని లోననున్న శత్రువు పేరేమో నిశ్చయముగా చెప్పునది ప్రయోగశాలయే.

పేరు తెలిసినంత మాత్రమున నేమి లాభమని అడుగువారు లేకపోలేదు. లాభమంతయు అందే యున్నది. వైరసు వలన వచ్చిన పడిసెమునకు యాంటీబయాటిక్కు మాత్రలు ఏ ప్రయోజనమును కలిగింపవు. న్యుమోనియాకు తగిన యాంటీబయాటిక్కు గంటలలో పడవలయును. ఆలస్యమైనచో ప్రాణము పోవును. క్షయకు నాలుగు మందులు కలిపి మొదలుపెట్టి, మొత్తము ఆరు నెలలు విడువక వాడవలయును. ఉబ్బసమునకు పీల్చుమందు కావలయును. ఒకదాని మందు మరియొకదానికి వేసినచో రోగము మానదు సరిగదా, ముదురును. తాళమొకటి, చెవి మరియొకటి యైనచో ఎన్ని మారులు త్రిప్పినను తలుపు తెరవబడునా?

ఒక హమాలీని తలంచుడు. మాఘమాసమున దగ్గు మొదలైనది. పసుపు దుమ్మని తలంచి పదిదినములు ఊరకుండెను. ఇంటిలో పసుపు పాలు కాచి యిచ్చిరి. పసుపు పాలను మేము తక్కువచేసి మాటాడము. గొంతునకు హాయి, మనసునకు ఊరట. కాని అవి క్షయ క్రిమిని చంపలేవు, చూపలేవు. పిమ్మట అతడు మందుల దుకాణమునకు పోయి దగ్గని చెప్పెను. ఒక సీసా, అయిదు దినముల మాత్రలు చేతిలో పడెను. దవాఖానకు పోయినచో ఆ దినపు కూలి పోవును గదా! మాత్రలతో దగ్గు కొంత తగ్గెను, మరల వచ్చెను. మరల మాత్రలు. ఇట్లు మూడు నెలలు గడచినవి. బరువు తగ్గెను, సాయంకాలపు జ్వరము వచ్చుచుండెను. తుదకు నెత్తురు కనబడినపుడు గాని తెమడ పరీక్షకు పోలేదు. ఇది ఒకని కథగాదు. ఏ పేటలో విచారించినను ఇట్టివారు కనబడుదురు.

ఇందులో ఒక మర్మమును పాఠకులు గుర్తింపవలయును. దగ్గునకని విచ్చలవిడిగా నిచ్చు మాత్రలలో లీవోఫ్లాక్సాసిన్ జాతివి కొన్ని గలవు. అవి క్షయ క్రిమిని పూర్తిగా చంపవు, కొంత అణచును. రోగికి కొంత సుఖము తోచును, పరీక్షలో క్రిమి కనబడుట కష్టమగును, రోగ నిర్ణయము వారములకొలది వెనుకబడును. ఆ వారములలో ఒకే గదిలో పండుకొను భార్యయు, బిడ్డలును, వృద్ధులైన తల్లిదండ్రులును అదే గాలిని పీల్చుచుందురు. ఇంతేగాదు, అరకొర దెబ్బ తిన్న క్రిమి ఆ మందునకు అలవాటుపడి, రేపు నిజముగా అవసరమైననాడు దానికి లొంగకుండును. అయిదు దినముల మాత్ర కూలివానికి చవుకగా దొరికిన ఔషధమని తలంచుచున్నాము. అది అతని కుటుంబము తీర్చవలసిన అప్పు.

దేశపు లెక్కలు చూచినను సంగతి ఇట్లే యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2023వ సంవత్సరమున ప్రపంచమున క్రొత్తగా క్షయ సోకి వ్యాధిగ్రస్తులైనవారు 1 కోటి 8 లక్షలు. వారిలో నూటికి 26 మంది భారతీయులు. ఆ యేడు మన దేశమున క్షయ వలన మరణించినవారు మూడు లక్షలకు మించిరి. 2025వ సంవత్సరాంతమునకు ఈ వ్యాధిని దేశమునుండి తొలగింతుమని 2018లో ఢిల్లీ మహాసభలో ప్రతిన చేయబడెను. గడువు వచ్చినది, పోయినది. ప్రయత్నము వ్యర్థమైనదని మేమనము. 2015లో లక్ష జనమునకు 237గా నున్న వ్యాధి 2023 నాటికి 195కు దిగినది. కాని ప్రతిన నెరవేరలేదు. మందులు లేక కాదు; మందులు ఉచితముగా లభించుచున్నవి. రోగిని కనుగొనుటలో ఆలస్యము జరుగుచున్నది. దొంగను పట్టుకొనక శిక్షాస్మృతిని ఎంత చక్కగా వ్రాసినను ఏమి ఫలము?

ప్రయోగశాల మనకు పరదేశపు వింత వస్తువు కాదు. 1882 మార్చి 24వ తేదీన బెర్లినులో రాబర్టు కాక్ పండితుడు క్షయ క్రిమిని లోకమునకు చూపినాడు. అదే నగరమున 1884లో గ్రామ్ అను డెన్మార్కు వైద్యుడు, న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తులను పరీక్షించుచు, సూక్ష్మజీవులకు రంగుపట్టి వేరుచేయు పద్ధతిని కనుగొనెను. నేటికిని ప్రతి ప్రయోగశాలలోను ఆ రంగులే మొదట వాడబడుచున్నవి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదుననే రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచినాడు. నిజామాబాదునకు చేరువనున్న డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కొరకు కెర్ దంపతులు 1915 ప్రాంతమున ఆసుపత్రి నెలకొల్పిరి. కుష్ఠక్రిమియు క్షయక్రిమియు ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకే రంగు పద్ధతితో కనబడును. అదే 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ శానిటోరియము వెలసెను. వికారాబాదు అనంతగిరి కొండల ఆసుపత్రిని, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆసుపత్రిని ఎరుగని తెలంగాణ కుటుంబములు కొలదియే. మదరాసులో 1956లో నెలకొన్న క్షయ పరిశోధన కేంద్రము, ఇంటివద్ద నుండి మందు తిన్నవారును శానిటోరియములో నున్నవారితో సమానముగా స్వస్థులగుదురని 1959లో లోకమునకు నిరూపించినది. దేనితో నిరూపించినది? రోగుల తెమడను నెలనెల పరీక్షించి నిరూపించినది. పేదవాడు ఇల్లు విడువక బ్రతుకవచ్చునను వరమును ప్రపంచమున కిచ్చినది మన దక్షిణదేశపు ప్రయోగశాలయే.

ఇక పరీక్ష యెట్లు జరుగునో కొంత విశదముగా చెప్పుదుము. ఏలయన సగము పొరపాటు ప్రయోగశాలలో గాదు, డబ్బీలో ఉమ్మి వేయునప్పుడే జరుగుచున్నది. కొనువాడు సంచి పైని కొమ్ములను చూచి మోసపోడు, అడుగునుండి తీయును. తెమడ విషయమునను అదే న్యాయము. నోటిలోని లాలాజలము సంచి పైని కొమ్ము వంటిది. రొమ్ము లోతునుండి దగ్గి తెచ్చిన చిక్కని తెమడయే అసలు సరకు. ఉదయము లేవగనే, ఏమియు తినకమున్ను, నీటితో నోరు పుక్కిలించి, రెండు మూడు మారులు గట్టిగా గాలి పీల్చి, లోతుగా దగ్గి, మూతగల శుభ్రమైన డబ్బీలో వేయవలయును. ఇది గదిలో గాక ఆరుబయట, ఇతరులకు దూరముగా చేయవలయును. సాధారణముగా రెండు నమూనాలు తీసికొందురు. అక్కడికక్కడ ఒకటి, మరునాటి ఉదయము ఒకటి. న్యుమోనియా శోధనకు పంపు తెమడ రెండు గంటలలో ప్రయోగశాల చేరవలయును. లేదా చల్లని పెట్టెలో నుంచవలయును. ఎండలో మధ్యాహ్నము వరకు బల్లపై నుండిన డబ్బీలో, వలదన్న సూక్ష్మజీవులు పెరిగి, కావలసినవి చచ్చును. నేర్పుగల ప్రయోగశాలవారు తెమడను ముందు సూక్ష్మదర్శినితో చూచి, నోటి చర్మకణములు మిక్కుటముగాను చీము కణములు తక్కువగాను ఉన్నచో, ఇది ఉమ్మియేగాని తెమడ గాదని త్రిప్పి పంపుదురు. అట్లు త్రిప్పి పంపిన వానిపై కోపగింపరాదు. అతడే రోగికి నిజమైన మిత్రుడు.

క్షయ శోధనకు మూడు మార్గములు గలవు. మొదటిది సూక్ష్మదర్శిని. చవుకయైనది, గంటలలో ఫలితము చెప్పునది. కాని ఒక మిల్లీలీటరు తెమడలో క్రిములు అయిదు నుండి పది వేలవరకు ఉన్నగాని దానికి కనబడవు. అనగా రోగము కొంత ముదిరినపుడే అది పట్టును. రెండవది క్రిమిని పెంచి చూచుట. పదుల సంఖ్యలో నున్నను ఇది పట్టగలదు. అయితే క్షయ క్రిమి ఒకటి రెండగుటకు సుమారు ఒక దినము పట్టును గాన, ఫలితమునకు వారములు వేచియుండవలయును. మూడవది క్రిమి యొక్క బీజద్రవ్యమునే వెదకి పట్టు యంత్రము. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ ఈ తరగతికి చెందినది. రెండు గంటలలో రోగమున్నదా లేదా యనుటయే గాక, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు క్రిమి లొంగునా లొంగదా యనియు తెలుపును. లొంగని క్రిమిని లొంగునదని తలంచి ఆరు నెలలు మందిచ్చినచో కాలమును, కాయమును రెండును నష్టమగును గదా!

ఈ సందర్భమున ఒక సంతోషవార్తను పాఠకులకు జ్ఞాపకము చేయుచున్నాము. బెంగుళూరు, గోవా నగరముల శాస్త్రజ్ఞులు ట్రూనాట్ అను స్వదేశీ యంత్రమును నిర్మించిరి. ఇది బ్యాటరీతో నడచును, శీతలగది అక్కరలేదు, చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున కూడ పనిచేయును, సుమారు గంటలో క్షయను తేల్చును. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఆమోదించినది. విద్యుత్తు పోవుటయు, వేసవి మండుటయు నెరిగిన మన ఊళ్ల కొరకు మనవారే చేసిన యంత్రమిది. స్వదేశీయత యనిన నినాదము మాత్రమే గాదు. మన ఎండకు తాళు పనిముట్టును మనమే చేసికొనుట. అట్టి పనిముట్టు ఉన్నను, అందులో వేయు చిప్పు నిండుకొన్నదనియో, నడుపు ఉద్యోగి సెలవులో నున్నాడనియో అది మూలబడినచో, ఆ సిగ్గు యంత్రముది కాదు.

క్షయకు వెలుపల ఇతర శ్వాసరోగముల సంగతియు చూడవలయును. 2009 మే మాసమున పందిజ్వరమని పిలువబడిన ఇన్‌ఫ్లూయంజా దేశమున మొట్టమొదట బయటపడినది హైదరాబాదు విమానాశ్రయమున దిగిన ప్రయాణికునియందే. 2020 ప్రారంభమున కోవిడు అనుమానమున్నవారి నమూనాలు మొదట పూనాలోని జాతీయ వైరసు సంస్థకు పోవలసి యుండెను. పిమ్మట గాంధీ ఆసుపత్రిలో పరీక్ష మొదలైనది. ఆ యేడు ముగియకముందే దేశమున కోవిడు పరీక్షించు ప్రయోగశాలలు రెండువేలకు మించినవి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, పుల్లను ద్రవములో ముంచక పొడిగానే తెచ్చి పరీక్షించు సులభపద్ధతిని కనుగొనగా, 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి దానిని అంగీకరించెను. భయము మన తలుపు తట్టినపుడు ఒక్క సంవత్సరములో ఇంత చేయగలిగితిమి. భయము పోయిన పిమ్మట ఆ యంత్రములతో మన మేమి చేయుచున్నాము? అవే యంత్రములు ఇన్‌ఫ్లూయంజాను పట్టగలవు, శిశువుల ఊపిరితిత్తులను పీడించు వైరసులను పట్టగలవు, కోరింత దగ్గును పట్టగలవు. యుద్ధమునకు కొన్న ఆయుధమును శాంతికాలమున తుప్పుపట్టనిచ్చుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

ఇట్లనుటచే ప్రయోగశాల సర్వజ్ఞమని మేము చెప్పుటలేదు. తప్పుడు పరీక్ష అసలు పరీక్ష లేకపోవుటకంటె హీనము. రక్తపు బొట్టుతో క్షయను కనుగొందుమని చెప్పి అమ్మిన ప్రతిరక్షక పరీక్షలు వేలమందిని మోసపుచ్చినవి; లేనివారికి ఉన్నదనియు, ఉన్నవారికి లేదనియు చెప్పినవి. 2012 జూనులో భారత ప్రభుత్వము వానిని నిషేధించినది. ఆ పని ప్రశంసనీయము. అట్లే ఒక పరీక్షలో లేదని వచ్చినంతమాత్రమున రోగము లేదని కాదు. నమూనా చెడియుండవచ్చును, క్రిములు తక్కువగా నుండవచ్చును, తెమడ తెచ్చుకొనలేని పసివారు నెట్లు పరీక్షింతుము? వారికి కడుపులోని ద్రవమును తీసి చూడవలసివచ్చును, ఎక్స్‌రే కావలసివచ్చును. వ్యాధి మానిన పిమ్మటయు చచ్చిన వైరసు తునుకలు కొన్నాళ్లు యంత్రమునకు కనబడుచునే యుండును. కాగితముపై వచ్చిన మాటను రోగి ముఖముతో సరిపోల్చి చదువువాడే వైద్యుడు. ప్రయోగశాల సాక్షి, తీర్పరి వైద్యుడు. సాక్షిని పిలువక తీర్పు చెప్పుటయు, సాక్షి మాటనే తీర్పుగా తలంచుటయు రెండును దోషములే.

ఈ ప్రాంతమున ఒక విచిత్రమును మేము చూచుచున్నాము. ఆర్మూరు చుట్టుప్రక్కల గ్రామములనుండి యువకులు బ్రతుకుతెరువునకై దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోవుట అనాదిగా కాకున్నను తరములుగా జరుగుచున్నది. ఆ దేశములలో అడుగు పెట్టకమున్ను వారి రొమ్మునకు ఎక్స్‌రే తీయబడును. క్షయ మచ్చ కనబడినచో వీసా లేదు. అప్పుచేసి కట్టిన సొమ్మును నష్టపోవలసివచ్చును. అనేకులకు తమ ఊపిరితిత్తుల సంగతి మొట్టమొదట తెలియునది ఆనాడే. పరదేశపు యజమాని తన సొంత లాభము కొరకు మన యువకుని రొమ్మును పరీక్షించుచున్నాడు. అతడు స్వదేశమున నున్నంతకాలము, తన ఊరిలో, తన వారినడుమ, తన మేలు కొరకు పరీక్షించువారు లేరా? దేశము విడుచుటకు అవసరమైన పరీక్ష దేశమున బ్రతుకుటకు అవసరము కాదా?

మరియొక విచిత్రము హైదరాబాదునకు చేరువనే యున్నది. లోకమున కంతటికి యాంటీబయాటిక్కులు చేసి పంపు కర్మాగారములు మన రాష్ట్రమున నున్నవి. అందు మనకు గర్వము కలదు. కాని 2007లో పటాన్‌చెరు ప్రాంతపు శుద్ధికేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ ఒక లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మందు కాలువలో పారుచున్నది, అంగడిలో అడిగినవారి కెల్ల దొరకుచున్నది. ఎవనికి కావలయునో ఎవనికి వలదో తేల్చు పరీక్ష మాత్రమే వెనుకబడి యున్నది. మందును సమృద్ధిగా చేయు దేశము దానిని వాడు వివేకమును గూడ చేసికొనవలదా? 2014 మార్చి నుండి అమలులో నున్న హెచ్1 షెడ్యూలు ప్రకారము క్షయ మందులను, కొన్ని బలమైన యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీ లేక అమ్మరాదు; అమ్మినవాని వివరము పుస్తకమున వ్రాసి మూడు సంవత్సరములు భద్రపరుపవలయును. చట్టము గలదు. ఆ పుస్తకమును తెరచి చూచువారు కావలయును.

పేదవారు పరీక్షకు రాకుండుటకు కారణములు మూడు: ఖర్చు, కూలి, సిగ్గు. ఖర్చు విషయమున భయపడ నక్కరలేదు. ప్రభుత్వ కేంద్రములలో క్షయ పరీక్షయు చికిత్సయు ఉచితము. 2018లో హైదరాబాదున మొదలై 2021లో జిల్లాలకు వ్యాపించిన తెలంగాణ డయాగ్నస్టిక్సు ఏర్పాటులో నిజామాబాదును చేరినది. రోగికి ఆహారము కొరకు చికిత్సాకాలమున నెలకు 500 రూపాయలుగా నుండిన సాయము 2024 నవంబరు నుండి వేయి రూపాయలైనది. కూలి విషయము కష్టమైనది. దవాఖానలో ఒక దినము గడుపుట కూలివానికి ఆ దినపు అన్నము. అందుకే పరీక్షయే కూలివాని వద్దకు పోవలయును. సిగ్గు విషయము ఇంకను కష్టము. పెండ్లి కావలసిన ఆడపిల్లకు తెమడ పరీక్ష చేయించినారను మాట పొక్కునని తల్లిదండ్రులు జంకుదురు. ఇంటి అరుగుపై కూర్చుండి బీడీలు చుట్టు తల్లి తన దగ్గును పొగాకు మీదికి నెట్టుచుండును. క్షయ శాపము కాదు, పాపము కాదు; గాలి ద్వారా సోకు క్రిమి. సరియైన మందు మొదలైన కొన్ని వారములలోనే అంటుకొను గుణము చాల వరకు అణగును. దాచిన క్షయయే ఇంటిని కాల్చును. చెప్పిన క్షయ ఆరు నెలలలో మానును.

కావున మేము కోరున దేమనగా: మార్కెటు కమిటీ వారు పసుపు కాలమున యార్డులోనే వారమున కొక దినము తెమడ డబ్బీలు పంచి సేకరించు ఏర్పాటు చేయవలయును. సంచుల నమూనాలకు స్థలము గల యార్డులో మనుష్యుల నమూనాలకు ఒక మూల దొరకదా? హమాలీలకును, పాలిషు మరలపై పనిచేయువారికిని ముఖమునకు గుడ్డయైనను లేక పనిచేయించుట ఇకనైనను మానవలయును. ఆరోగ్యశాఖ వారు గ్రామముల డబ్బీలు ఆర్మూరు దవాఖానకును, అవసరమైనవి నిజామాబాదునకును అదే దినము చేరు వాహనమును, ఫలితము రోగికి చేరు గడువును నిర్ణయించి ప్రకటింపవలయును. నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. ఆర్మూరునకు గంట ప్రయాణము. ఫలితము వచ్చుటకు వారము పట్టినచో ఆ తప్పును దూరముపై నెట్టుటకు వీలులేదు. యంత్రమునకు చిప్పులును, మనుష్యునకు జీతమును నిలిచిపోకుండ చూడవలయును.

వైద్యులకు మా మనవి: రెండు వారములు దాటిన దగ్గు కనబడినచో సీసా వ్రాయకమున్ను తెమడ పరీక్ష వ్రాయుడు. మందుల వర్తకులకు మా మనవి: చీటీ లేని దగ్గును దవాఖాన దారి పట్టించుడు, ఒక మాత్ర అమ్మకము పోయినను ఒక కుటుంబము నిలుచును. మరి మీకు, ఈ పత్రికను పఠన మందిరమున చదువుచున్న మీకు, మా మనవి అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె సులభమైనది. మీ బజారులో రెండు వారములుగా దగ్గుచున్నవానిని మీరెరుగుదురు. రాత్రి గోడ కావలినుండి ఆ దగ్గు మీకు వినబడుచున్నది. అతనికి అక్షరములు రాకపోవచ్చును, మీకు వచ్చును. ఒక ఉదయము అతని వెంట దవాఖాన వరకు పొండు. డబ్బీలో ఏది వేయవలయునో, ఎట్లు దగ్గవలయునో చెప్పుడు. ఫలితము తెచ్చి చదివి వినిపింపుడు. చదువు నేర్చినందుకు ఇంతకంటె మంచి వాడుక మాకు తోచుటలేదు.

నవనాథ సిద్ధుల గుట్ట క్రింది అంగడిలో రాబోవు మాఘమాసమున మరల పసుపు రాశులు పడును. కొనువారు మరల అడుగునుండి పిడికెడు తీసి, విరిచి, చూచి, నిర్ణయింతురు. ఆ రాశులను మోసినవాని దగ్గు కూడ అంతే శ్రద్ధతో, అంతే న్యాయముతో పరీక్షింపబడిననాడు ఆర్మూరు పసుపునకు ఆర్మూరు మనుష్యునితో సమానమైన వెల కట్టబడినదని మేము సంతసింతుము. అంతవరకు ఈ అంగడిలో తూకము సరిగా లేదనియే చెప్పవలసియున్నది.